ఇంటి ముందు రైహాన్

(పాలంపేటలో జరిగిన మన సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్.

 

"ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పండి సార్" అని అధ్యక్షులవారు అడిగారు. నేను డాక్టరును కాను, హకీమ్‌ను కాను. బడిలో జీవశాస్త్రం చెప్పే పంతులును. అందుకని నాకు తెలిసిన ఒక మొక్క గురించి మాట్లాడతాను. దాన్ని ఇంట్లో ఎట్లా పెంచుకోవాలో చెబుతాను. దాని విషయంలో నేను చేసిన ఒక తప్పు కూడా చెబుతాను. మొదటిది మీకు సరదాగా ఉంటుంది. రెండోది చెప్పడానికే అసలు ఈ మైకు ముందుకు వచ్చాను.

రమజాన్‌లో మన సొసైటీ ఇచ్చే సంచి మీ అందరికీ తెలుసు. బియ్యం, పప్పు, నూనె, చక్కెర, ఖర్జూరాలు. వాటి అడుగున ఒక చిన్న పొట్లం ఉంటుంది. సబ్జా గింజల పొట్లం. ఇఫ్తారు వేళ షర్బత్‌లో వేసుకోవడానికి ఇస్తున్నాం. గుప్పెడు కూడా ఉండదు, కానీ అందులో వేల గింజలుంటాయి. అన్నీ నానబెట్టి తాగేస్తాం. ఒక్క చిటికెడు దాచి మట్టిలో చల్లితే వారం పది రోజుల్లో మొలకెత్తుతాయన్న సంగతి మనలో చాలామందికి తోచదు. నాకూ చాలా ఏళ్లు తోచలేదు. గ్లాసులో మిగిలిన గింజలను మా ఇంట్లో ఎవరో జామచెట్టు మొదట్లో పారబోశారు. కొన్ని రోజులకు అక్కడ మొలకలు లేచాయి. ఆకు నలిపి వాసన చూస్తే అప్పుడు తెలిసింది, ఇది మన రైహాన్ అని.

అరబ్బీలో రైహాన్ అంటే సువాసన గల మొక్క. దివ్య ఖుర్ఆన్‌లో ఈ మాట సూరహ్ రహ్మాన్‌లో, సూరహ్ వాఖియాలో వస్తుంది. అక్కడ దాని అర్థం సుగంధ మొక్కలన్నీ అని కొందరు వ్యాఖ్యాతలు, జీవనోపాధి అని కొందరు చెప్పారు. వాడుకలో మాత్రం అరబ్బు దేశాల్లో రైహాన్ అనగానే ఈ మొక్కే గుర్తుకొస్తుంది. సుగంధ మొక్కను ఎవరైనా ప్రేమగా ఇస్తే కాదనవద్దని దైవప్రవక్త (సల్లం) బోధించినట్టు సహీహ్ ముస్లింలో ఉంది. యునానీ వైద్యంలో దీని గింజల పేరు తుఖ్మె రైహాన్. చార్మినార్ పక్కన ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో కట్టిన యునానీ దవాఖాన ఉంది కదా, ఆ వైద్యానికి ఈ గింజ పాత చుట్టమే. హైదరాబాదు కిరాణా కొట్లలో తుక్మరియా అన్నా ఇదే ఇస్తారు.

తెలుగులో దీనికి రుద్రజడ అనీ, భూతులసి అనీ పేర్లున్నాయి. మా పక్కింటి అక్క వాకిట్లో తులసికోట ఉంది. మా ప్రహరీ మీద కుండీ చూసి ఆమె, "సార్, మీ రైహాను మా రుద్రజడ ఒకటే గద" అన్నది. అవును, ఒకటే. తులసి దీనికి దగ్గరి చుట్టం. పుదీనా, మరువం కూడా అదే కుటుంబం. నా విద్యార్థులకు ఒక గుర్తు చెబుతుంటాను. ఈ కుటుంబంలో కాండాన్ని వేళ్ల మధ్య తిప్పి చూస్తే గుండ్రంగా కాక నాలుగు పలకలుగా తగులుతుంది. ఆకులు ఎదురెదురుగా జతలుగా వస్తాయి. ఆకు నలిపితే వాసన వస్తుంది. పుస్తకంలో ఇదంతా ఒక పేజీ పాఠం, వాకిట్లో మొక్క ఉంటే ఒక నిమిషం పని.

ఇక పెంచడం సంగతి.

మొదట గింజ మంచిదో కాదో చూసుకోవాలి. పాత గింజ షర్బత్‌లో ఉబ్బుతుంది కానీ మొలకెత్తదు. తడిగుడ్డలో ఇరవై గింజలు మడిచి పెట్టండి. గుడ్డ ఆరకుండా చూడండి. వారంలో సగానికి పైగా మొలిస్తే ఆ పొట్లం నాటడానికి పనికొస్తుంది. ఇంకో సంగతి, ఈమధ్య బజారులో చియా గింజలు కూడా దొరుకుతున్నాయి. అవి మెక్సికో వైపు నుంచి వచ్చిన వేరే మొక్కవి. చియా బూడిదరంగులో మచ్చమచ్చలుగా ఉంటుంది. సబ్జా మొత్తం నల్లగా ఉంటుంది. నీళ్లలో వేస్తే సబ్జా కొద్ది నిమిషాల్లోనే తెల్లటి జిగురు పొర కట్టుకుంటుంది, చియాకు ఇంకాస్త సమయం పడుతుంది.

ఆ జిగురు పొర మన షర్బత్ కోసం వచ్చింది కాదు. వాన చినుకు పడగానే గింజ చుట్టూ నీటిని పట్టి ఉంచడానికి, గింజ మట్టికి అతుక్కుని ఉండడానికి అల్లాహ్ దానికిచ్చిన ఏర్పాటు అది. అందుకే ఈ గింజను లోతుగా పూడ్చకూడదు. తడి మట్టి మీద చల్లి, అరచేత్తో మెల్లగా అద్ది, పైన సన్నని మట్టి పొర చల్లితే చాలు. చెంబుతో ధారగా పోస్తే గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి. మూతకు చిల్లులు పొడిచిన నీళ్ల సీసాతో చిలకరించండి.

కుండీ ఎనిమిది పది అంగుళాలది ఉంటే చాలు. నూనె డబ్బా అయినా, పగిలిన బక్కెట్ అయినా సరే. అడుగున రంధ్రాలు తప్పనిసరి. రంధ్రం మీద పెంకు ముక్క బోర్లించండి, నీళ్లు పోతాయి, మట్టి పోదు. మట్టి విషయంలో మన ఊళ్లో ఒక పొరపాటు జరుగుతుంటుంది. రామప్ప చెరువు పూడిక మట్టి పొలానికి బంగారం కదా అని కుండీ నిండా అదే నింపుతారు. పొలంలో అది ఎర్రమట్టిలో కలిసిపోతుంది కాబట్టి మేలు చేస్తుంది. కుండీలో ఒక్కతే ఉంటే తడిసినప్పుడు బంక, ఎండినప్పుడు రాయి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక కలపండి. ఇసుక దొరక్కపోతే రైసుమిల్లు దగ్గర కాలిన ఊక దొరుకుతుంది, అదీ పనికొస్తుంది.

ఇక్కడ మా పిల్లలకు చెప్పే మాట మీకూ చెబుతాను. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి మన ఊళ్లో ఉంది. 2021లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది. ఎక్కడెక్కడి నుంచో వచ్చి చూసిపోతారు. అంత బరువైన గుడి పునాదిలో ఇసుక పోశారు. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో వేస్తే తేలుతాయి, ఎందుకంటే వాటి లోపల సన్నసన్నని ఖాళీలున్నాయి. గట్టిగా ఉండడమంటే బిగుసుకుపోవడం కాదని ఆ కాలపు పనివాళ్లకు తెలుసు. కుండీలో మట్టి సంగతి కూడా అంతే. వేరుకు నీరు ఎంత అవసరమో, మట్టి రేణువుల మధ్య గాలి అంత అవసరం.

నీళ్ల గురించి ఒక పిల్లవాడి కథ చెబుతాను. తరగతిలో అందరికీ తలా ఒక మొలక ఇచ్చాను. ఒక అబ్బాయి దాన్ని తీసుకెళ్లి వాళ్లింట్లో వుజూ చేసే కొళాయి కింద పెట్టాడు. ఐదు పూటలా ఇంటిల్లిపాదీ వుజూ చేసిన నీళ్లు దానికే. మంచి ఆలోచనే, నీళ్లు వృథా కాలేదు. మూడు వారాలకు మొక్క వాడింది. వాడింది కదా అని వాడు ఇంకా నీళ్లు పోశాడు. పీకి చూస్తే వేళ్లన్నీ నల్లబడి కుళ్లిపోయాయి. నీళ్లు తక్కువైనా మొక్క వాడుతుంది, ఎక్కువైనా వాడుతుంది. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలియాలంటే మట్టిలో వేలు పెట్టి చూడాలి. మొదటి కణుపు దాకా పొడిగా ఉంటే పోయండి, తడి తగిలితే ఆగండి. వుజూ నీళ్లు నిక్షేపంగా వాడుకోవచ్చు, అందులో సబ్బు కలవకుండా చూసి, ఒక బక్కెట్లో పట్టి, అవసరమైనప్పుడు పోయండి. పొద్దున పోయడం మేలు. రాత్రి ఆకులు తడిగా ఉంటే బూజు తెగుళ్లు వస్తాయి.

ఎండ రోజుకు ఐదారు గంటలు కావాలి. మన దగ్గర ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నపు ఎండ మాత్రం దీన్ని మాడుస్తుంది. ఆ రెండు నెలలు పొద్దుటి ఎండ పడి మధ్యాహ్నం నీడ వచ్చే వైపు జరపండి. నాటడానికి మంచి కాలం తొలకరి. జూన్, జులైలో వేస్తే దసరా దీపావళి నాటికి గింజ చేతికొస్తుంది. రమజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ ఇప్పుడు చలికాలం చివరికి వచ్చింది. అంటే తొలకరిలో వేసినవాళ్లకు రమజాన్ నాటికి తమ ఇంటి గింజ డబ్బాలో ఉంటుంది.

మొక్క జానెడు ఎత్తు వచ్చాక చిగురు తుంచాలి. ఇది మా ఆవిడకు మొదట్లో మనసొప్పలేదు, పసిమొక్కను గిల్లడమేమిటని. తుంచిన చోట కింద ఉన్న రెండు ఆకుల సందుల్లోంచి రెండు కొమ్మలు వస్తాయి. వాటినీ తుంచితే నాలుగు అవుతాయి. తుంచకపోతే ఒక్క కర్రలా పైకి పోయి, త్వరగా పూసి, గింజ కట్టి ఎండిపోతుంది. ఆకు కావాలంటే పూత కనిపించగానే గిల్లేయండి. గింజ కావాలంటే రెండు మూడు కొమ్మల పూత వదిలేయండి. తేనెటీగలు వాటంతట అవే వస్తాయి. పూత కంకి కింది నుంచి గోధుమరంగుకు తిరిగాక కోసి, కాగితం మీద నీడలో ఆరబెట్టి, అరచేతుల మధ్య నలిపి, చేటలో మెల్లగా చెరగండి. గట్టిగా చెరిగితే గింజ కూడా ఎగిరిపోతుంది.

పేనుబంక, పిండినల్లి పట్టడం మామూలే. మొదట నీళ్లతో కడిగేయండి. పోకపోతే లీటరు నీళ్లకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం చల్లండి. చల్లాక నాలుగైదు రోజులు ఆ ఆకు తినకండి, తర్వాత కూడా కడిగే వాడండి. పత్తికి కొట్టే మందు డబ్బాలో మిగిలింది కదా అని దీనికి కొట్టవద్దు. అది నోట్లోకి పోయే ఆకు.

ఇప్పుడు దీని ఉపయోగం ఏమిటి, ఎంత? ఇక్కడే నేను జాగ్రత్తగా మాట్లాడాలి.

చెంచాడు గింజలు గ్లాసు నీళ్లలో పావుగంట, ఇరవై నిమిషాలు నానబెట్టి తాగితే కడుపుకు చల్లగా ఉంటుంది. ఆ జిగురు పీచు పదార్థం కాబట్టి విరేచనం సాఫీగా అవుతుంది. ఇసబ్గోలు పనిచేసే తీరు కూడా ఇదే. జలుబు చేసినప్పుడు నాలుగు ఆకులు టీలో వేసి తాగితే గొంతుకు హాయిగా ఉంటుంది. పచ్చడిలో పుదీనాతో కలపవచ్చు. ఇంతే. ఈ ఇంతే అనే మాటను గుర్తుపెట్టుకోండి.

జాగ్రత్తలు కూడా చెబుతాను. పొడి గింజ ఎవరికీ నోట్లో వేయవద్దు. అది గొంతులో తడి తగిలి ఉబ్బి అడ్డుపడవచ్చు. బాగా నానినవే ఇవ్వండి, చిన్నపిల్లలకు అవీ వద్దు. మింగడం కష్టమైన ముసలివాళ్లకు కూడా వద్దు. రోజూ మాత్రలు వేసుకునేవాళ్లు మాత్రకూ సబ్జాకూ మధ్య ఒకటి రెండు గంటలు ఎడం ఉంచండి, జిగురు మందును పట్టి ఉంచే వీలుంది. గర్భిణులు, రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు మందులా రోజూ వాడాలనుకుంటే డాక్టరును అడగండి. ఆకు నుంచి తీసిన తైలం సీసాల్లో అమ్ముతారు, దాన్ని తాగకండి. ఇంకొకటి, సబ్జా షుగరుకు మంచిదని చెప్పి నాలుగు చెంచాల చక్కెర షర్బత్‌లో వేసుకుని తాగితే ఆ మంచి ఎక్కడికి పోతుందో మీరే ఆలోచించండి.

షుగరు మాట వచ్చింది కాబట్టి నా తప్పు చెబుతాను.

మా ఖాలమ్మ, అంటే మా అమ్మ చెల్లెలు, భర్త పోయాక మా ఇంట్లోనే ఉండేది. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. చదువు రాదు, కానీ నేను చదువుకున్నానని ఆమెకు గర్వం. నేను బడి నుంచి వచ్చి ఏది చెప్పినా దాన్ని ఊరంతా చెప్పేది, "మా మాస్టరు చెప్పిండు" అని. ఆమెకు పదేళ్లుగా షుగరు. రోజూ రెండు మాత్రలు.

ఒక రమజాన్‌లో ఇఫ్తారు దస్తర్‌ఖాన్ మీద నేను సబ్జా గురించి పాఠం చెప్పాను. పీచు ఉంటుంది, తిన్న అన్నం నుంచి చక్కెర రక్తంలోకి నెమ్మదిగా ఎక్కేలా చేస్తుంది, షుగరుకు మంచిది అన్నాను. ఏదో పత్రికలో చదివిందే. అందులో అబద్ధం లేదు. అందరూ విన్నారు, షర్బత్ తాగారు, నేను నమాజుకు వెళ్లిపోయాను.

ఖాలమ్మ ఆ రోజు నుంచి పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు సబ్జా తాగడం మొదలుపెట్టింది. ఒంట్లో తేలికగా ఉందని అనేది. మాకు సంతోషంగా ఉండేది. మేము చూడనిది ఏమిటంటే, ఆమె మాత్రలు వేసుకోవడం మానేసింది. నెలనెలా నేను తెచ్చిచ్చిన మాత్రల పట్టీలు సందుగలో బట్టల కింద దాచిపెట్టింది. మాస్టరు పెంచిన మొక్క ఉండగా మాత్రలకు డబ్బు ఎందుకు దండగ అని ఆమె లెక్క. నా జీతం మీద ఇద్దరు పిల్లలు చదువుకుంటున్న రోజులవి. ఆమె నాకు డబ్బు మిగల్చాలనుకుంది.

మూడు నెలలు గడిచాయి. చెప్పు కరిచి కాలి వేలి మీద పుండు పడింది. షుగరు ఎక్కువ కాలం అదుపులో లేకపోతే పాదంలో స్పర్శ తగ్గుతుంది. అందుకే ఆమెకు నొప్పి తెలియలేదు. నొప్పి లేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు మా ఆవిడ ఆమె గదిలో పక్క దులుపుతూ వాసన పసిగట్టింది. వరంగల్ తీసుకుపోయాం. షుగరు మూడొందల యాభై దాటి ఉంది. రెండు వేళ్లు తీసేయాల్సి వచ్చింది. కాలు దక్కింది, అల్హందులిల్లాహ్.

ఇంటికి వచ్చాక సందుగ తీసి చూస్తే మాత్రల పట్టీలు వరసగా పేర్చి ఉన్నాయి. నేను మంచం పక్కన కూర్చుని ఏడ్చాను. ఆమె నా తల నిమిరి, "నువ్వు మాత్రలు ఆపమని చెప్పలేదు కద బేటా" అంది. నిజమే. ఆపమని చెప్పలేదు. ఆపవద్దని కూడా చెప్పలేదు. ముప్పై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నవాణ్ని, సగం పాఠం చెప్పి లేచిపోయాను. పిల్లవాడు పరీక్షలో సగం జవాబు రాస్తే నేను మార్కులు కోస్తాను. నా సగం జవాబుకు ఆమె రెండు వేళ్లు పోయాయి.

ఆ కోపంలో కుండీలన్నీ పీకి పారేయబోయాను. ఖాలమ్మే అడ్డం పడింది. మొక్క ఏం చేసిందిరా అంది. తర్వాత మూడేళ్లు బతికింది. పొద్దున టిఫిన్‌తో మాత్రలు వేసుకునేది, వేసుకున్నట్టు ఖాళీ పట్టీ నాకు చూపించేది. ఆ తర్వాత స్టూలు వేసుకుని కుండీల దగ్గర కూర్చుని ఒక్కోదానిలో వేలు పెట్టి చూసి నీళ్లు పోసేది. చూడవచ్చిన ఆడపిల్లలకు తలా ఒక మొలక ఇచ్చేది. ఇస్తూ ఒకే మాట చెప్పేది, మందు మందే, మొక్క మొక్కే అని. నా పాఠంలో మిగిలిపోయిన సగం ఆమె పూర్తి చేసింది. ఆమెను ఖబరస్తాన్‌కు తీసుకుపోయిన రోజు పూలతో పాటు వేసిన సబ్జా కొమ్మలు ఆ కుండీల్లోవే.

దాతలారా, ఇప్పుడు మీతో ఒక మాట.

మీ డబ్బుతో మన సొసైటీ ఏటా ఆరోగ్య శిబిరం పెడుతుంది. ఒక ఆదివారం డాక్టర్లు వస్తారు, వందల మందికి షుగరు, బీపీ చూస్తారు, ఒక నెలకు మాత్రలు ఇస్తారు. చాలా మంచి పని. కానీ నెల తర్వాత? హరితహారం రోజుల్లో బడి ఆవరణలో మొక్కలు నాటిన ఫోటోలు నా దగ్గర చాలా ఉన్నాయి. నాటిన రోజు అందరం ఫోటోలో ఉన్నాం. ఎండాకాలంలో నీళ్లు పోసిన అటెండరు మాత్రం ఒక్క ఫోటోలోనూ లేడు. బతికిన మొక్కలన్నీ ఆయన బతికించినవే. షుగరు రోగి సంగతి అచ్చం ఇంతే. పరీక్ష చేసిన రోజు కాదు, తర్వాతి మూడువందల అరవై నాలుగు రోజులు ముఖ్యం.

అందుకని మూడు విన్నపాలు.

ఒకటి, వచ్చే రమజాన్ సంచిలో సబ్జా పొట్లానికి ఒక చీటీ అంటిద్దాం. తెలుగులో, ఉర్దూలో నాలుగు ముక్కలు. నానబెట్టే తాగండి, చిన్నపిల్లలకు ఇవ్వకండి, చక్కెర తగ్గించండి, మీ మాత్రలు ఆపకండి. చీటీ అచ్చుకు పెద్ద ఖర్చు కాదు. చదువు రానివాళ్లకు సంచి ఇచ్చే కార్యకర్త నోటితో చెప్పాలి.

రెండు, ఏటా ఒక పెద్ద శిబిరంతో పాటు నెలకొకసారి చిన్న పరీక్ష. ఒక గ్లూకోమీటరు, సరిపడా స్ట్రిప్పులు, ఒక రిజిస్టరు, బల్ల దగ్గర కూర్చోవడానికి ఒక శిక్షణ పొందిన మనిషి. మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు, వాటికి మనం ఖర్చు పెట్టనక్కరలేదు. ఈ నెల ఎవరు రాలేదో రిజిస్టరు చూసి వాళ్లింటికి వెళ్లి తలుపు తట్టడమే మనం చేయాల్సింది. మా ఇంట్లో ఎవరూ ఆ సందుగ తీసి చూడలేదు. ఒక మనిషి నెలకొకసారి వచ్చి, "ఖాలమ్మా, పట్టీ చూపించు" అని అడిగి ఉంటే ఆ రెండు వేళ్లు నిలిచేవి. జకాత్ సొమ్ముకు హక్కుదారులు వేరే ఉన్నారని నాకు తెలుసు, దాన్ని ముట్టుకోమని అడగడం లేదు. సదఖా నుంచి, మీకు మనసైతే, దీనికి విడిగా ఇవ్వండి.

మూడు, మొక్క. రిబ్బను కత్తిరించి వంద కుండీలు పంచడం నాకిష్టం లేదు. ఎవరికి పెంచాలని ఉందో వాళ్లే వచ్చి నా దగ్గర చిటికెడు గింజలు తీసుకుపోవచ్చు. డబ్బు వద్దు. షరతు ఒకటే. అవి మీ దగ్గర అమానత్. వచ్చే ఏడాది మీ ఇంటి మొక్క గింజ గుప్పెడు తెచ్చి ఇవ్వాలి. ఒక మొక్క వందల గింజలిస్తుంది కాబట్టి ఎవరికీ భారం కాదు. ఆ గుప్పిళ్లన్నీ కలిపితే కొన్నాళ్లకు రమజాన్ సంచిలో పొట్లం బజారులో కొననక్కరలేదు. తీసుకునే ఇంటివాళ్లే ఇచ్చేవాళ్లు కూడా అవుతారు. సొసైటీ సంచి కోసం వరసలో నిలబడే ఒక అమ్మ, అదే బల్ల దగ్గరకు తన వంతు గింజలు పట్టుకుని వస్తే ఆమె తల ఎట్లా ఎత్తుకుని నడుస్తుందో నేను చూడాలనుకుంటున్నాను.

ఒక ముస్లిం మొక్క నాటితే, దాన్నుంచి మనిషి తిన్నా, పశువు తిన్నా, పక్షి తిన్నా అది అతనికి సదఖాగా రాయబడుతుందని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఉంది. పెద్ద చెట్టే నాటాలని, సొంత తోట ఉండాలని అందులో షరతు లేదు. నూనె డబ్బాలో సబ్జా మొక్క మీద వాలిన తేనెటీగ కూడా ఆ లెక్కలోకి వస్తుందని నా ఆశ.

ఈ సభ అయ్యాక బయట బల్ల మీద నా గింజల డబ్బా ఉంటుంది. పక్కనే ఒక నోటు పుస్తకం. తీసుకున్నవాళ్లు పేరు రాయండి. షుగరు ఉన్నవాళ్లు ఆ పేరు పక్కన, ఈ రోజు మాత్ర వేసుకున్నారో లేదో కూడా రాయండి. నేను చదువుతాను. ఈసారి సగం పాఠం చెప్పి లేచిపోను.

అల్లాహ్ మన దానాలను స్వీకరించుగాక, మన ఇళ్లలోని పెద్దలకు ఆరోగ్యం ప్రసాదించుగాక, మనల్ని విడిచి వెళ్లినవారిని క్షమించి వారి సమాధులను వెలుగుతో నింపుగాక. ఆమీన్.